మూడో వరుసలో మొదటి డబ్బా

(పదకొండో భాగం)

ముందుగా నా తప్పులకు మన్నింపు కోరుతున్నాను. ఒత్తులు నాకు ఇంకా పూర్తిగా లొంగలేదు. పత్రికవాళ్లు ఓపికగా దిద్దుతున్నారు కాబట్టి మీదాకా శుభ్రంగా వస్తున్నాయి. ఒక పేజీ రాయడానికి నాకు ఒక పూట పడుతుంది. రెండు వారాల కిందట భాగం ఆలస్యమైనందుకు కోప్పడకుండా, ఆరోగ్యం బాగుందా అని ఉత్తరాలు రాసినవాళ్లందరికీ దండాలు. అన్నీ నేనే చదువుకున్నాను, కూడబలుక్కుంటూ.

అక్షరాలు నాకు యాభై నాలుగో ఏట వచ్చాయి. నేర్పింది కడపలో క్రిస్టినా మేడం, రిటైరైన నర్సు. మా ఆయన పోయిన మూడో నెలలో ఒక పలక పట్టుకుని తనే మా గుమ్మం ఎక్కింది. ఆ పలక కొత్తది కాదు. చెక్క ఒక మూల నల్లగా కాలి ఉండేది. వీధిలో చదువురాని ఆడవాళ్లు అంతమంది ఉండగా నా దగ్గరికే ఎందుకు వచ్చిందో మేడం ఎన్నడూ చెప్పలేదు. కర్నూలు ఎప్పుడైనా చూశారా అని అడిగితే మాట మార్చేది.

ఇక కథ ఎక్కడ ఆగిందంటే, నేను మళ్లీ కర్నూలు వచ్చాక చేరిన ఆదివారం గుంపు పేరు కేకు పరుగు. తెల్లవారి ఐదున్నరకు సి.క్యాంపులో బయలుదేరి ఊరంతా చుట్టి ఇరవై ఒక్క కిలోమీటర్లు పరుగెత్తుతాం. దారిలో ఆరు బేకరీల దగ్గర ఆగి ఒక్కోచోట ఒక్కో రకం తింటాం. గుంపును నడిపే అమూల్య ఫిజియోథెరపీ డాక్టరమ్మ. చివరి మనిషి వచ్చేదాకా కేకు కొయ్యకూడదని మొదటి రోజే నియమం పెట్టింది. ఆ చివరి మనిషిని ఎప్పుడూ నేనే. నాకు తోడుగా వెనక వచ్చేది నెహెమ్యా, కరెంటాఫీసులో లైన్ ఇన్‌స్పెక్టరు, నలభై ఏళ్లవాడు.

పోయిన భాగంలో అమూల్య డిసెంబరు పరుగు దారి చదివింది. ఐదో మజిలీ పెద్దమార్కెట్ సందులో ధనుంజయ శెట్టి బేకరీ. ఆ మాట విని నేను బూటు దారం సగం కట్టి వదిలేశాను. మా ఆయన నాగసుబ్బయ్య పదకొండేళ్లు బట్టీ మేస్త్రిగా ఉన్న చోటు అది. ముప్పై ఏళ్ల కిందట నేను చేసిన తప్పు తన మీద వేసుకుని అక్కడినుంచే తల వంచుకుని కడపకు బయలుదేరాడు. ఆ తప్పు వల్ల ఎక్కువ నష్టపోయింది నెహెమ్యా తండ్రి, జయపాల్ పాస్టరుగారు. నెహెమ్యాకు ఆ సంగతి తెలియదు.

ఆ ఆదివారం నాలుగో మజిలీ బళ్ళారి చౌరస్తా దగ్గర. నేను చేరేసరికి అందరూ కొబ్బరి పెట్టిన దిల్‌పసంద్ పళ్లెం చుట్టూ చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు.

"ఏం అవ్వా, ఈ పొద్దు బిన్నా వచ్చినావే. వాసన తగిలినట్టుండాదే," అన్నాడు భూపేష్. ఇంజినీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతాడు. అందరికంటే ముందు పరుగెత్తి అందరికంటే ఎక్కువసేపు నా కోసం ఆగాల్సింది అతనే.

"నీ ఆకలికి జాలేసి వచ్చినా నాయనా," అన్నాను.

అమూల్య ముక్కలు కోసి పంచింది. తింటూ తింటూ భూపేష్ అందుకున్నాడు. "ఇప్పుడు పొయ్యే బేకరీ కత తెలుసునా మీకు? ముందట ఆడ సుబ్బయ్య అని ఒక మేస్త్రి ఉండె. క్రిస్మస్‌కు పాస్టరింటికి రమ్ము పోసిన కేకు పంపినాడంట. ప్రార్థనకు వచ్చినోళ్లంతా తలా రెండు ముక్కలు తిని, పాడిన పాటే మళ్లా మళ్లా పాడినారంట. మా నాయన ఇప్పటికీ ఆయనను రమ్ము కేకు సుబ్బయ్య అంటాడు."

అందరూ నవ్వారు. నేను మిగిలిన ముక్కను కాగితంలో చుట్టాను. నెహెమ్యా మాత్రం నీళ్ల సీసా మూత తిప్పుతూ ఉండిపోయాడు.

హంద్రీ వంతెన ఎక్కేసరికి ఎప్పట్లాగే నేనూ నెహెమ్యా వెనకబడ్డాం.

"కాళ్లు నొస్తాండాయా పెద్దమ్మా?" అన్నాడు.

"లేదు నాయనా."

"మరి మాట లేదే. ఈడికొచ్చేసరికి నీ కడప కతలన్నీ అయిపోవాల కదా."

"భూపేష్ చెప్పిన కతలో పాస్టరు మీ నాయనే కదా నెహెమ్యా?"

అతను పరుగు తగ్గించాడు. "ఎవరు చెప్పినారు నీకు? నేను ఎవరితోనూ అనను. నవ్వుతారని కాదు. నేనే ఆయన కొడుకునని తెలిస్తే పాపం నవ్వు ఆపుకుంటారని."

"మీ నాయన శానా బాధపడినాడా?"

"చర్చి పెద్దలు కూర్చోబెట్టి అడిగినారు. ఏసవికంతా మమ్మల్ని ఆత్మకూరుకు మార్చినారు. ఆ పొద్దు నుంచి మా నాయన కేకు ముట్టుకోలేదు. నా పెండ్లిలో కూడా."

ఆ మాట తర్వాత వంతెన నుంచి పెద్దమార్కెట్ దాకా ఉన్న దూరం నాకు ఆ ఉదయం పరుగెత్తిన దూరమంతటికంటే పెద్దదైంది. చెప్తే ఈ పిల్లవాడు వచ్చే ఆదివారం నా పక్కన పరుగెత్తడు. చెప్పకపోతే మా ఆయన ఈ ఊళ్లో ఎప్పటికీ రమ్ము కేకు సుబ్బయ్యే. ఒక్కో అడుగుకు ఒక్కో నిర్ణయం మార్చుకుంటూ సందు మలుపు తిరిగాను.

బేకరీకి కొత్త రంగు వేశారు. గాజు అల్మారాలు వచ్చాయి. కానీ వెనక బట్టీ అలాగే ఉంది. తుమ్మకట్టె పొగ వాసన అలాగే ఉంది. శెట్టి కోడలు పద్మప్రియ బల్ల మీద పెద్ద ప్లమ్ కేకు పెట్టుకుని, కత్తి పట్టుకుని నా కోసమే చూస్తోంది. మూలన కుర్చీలో మంకీ టోపీ పెట్టుకుని ధనుంజయ శెట్టి కూర్చుని ఉన్నాడు. ఎనభై రెండేళ్లు. నన్ను గుర్తుపట్టలేదు.

"మా సిద్దమ్మ వచ్చేసింది. కొయ్యండి వదినా," అంది అమూల్య.

"ఆగమ్మా," అన్నాను. "నేనొక మాట చెప్పుకోవాల. చెప్పినాక కూడా నాకు ముక్క పెట్టాలనిపిస్తే అప్పుడు కొయ్యండి."

అందరూ నా వైపు తిరిగారు. నేను నెహెమ్యా వైపు చూడకుండా శెట్టి వైపు చూస్తూ చెప్పాను.

"శెట్టన్నా, నేను నాగసుబ్బయ్య పెండ్లాన్ని."

ముసలాయన టోపీ చెవుల మీదినుంచి పైకి లాక్కున్నాడు.

ఆ రోజుల్లో ఇళ్లల్లో కేకు కాల్చుకునే వసతి లేదు. డిసెంబరు ఇరవై నాలుగున పొద్దున్నే రొట్టెల పని అయిపోయాక, పేటలో క్రైస్తవులు ఇంట్లో కలుపుకున్న పిండిని డబ్బాల్లో తెచ్చి ఈ బట్టీలో కాల్పించుకునేవారు. ఒకరిది పాత బిస్కెట్ డబ్బా, ఒకరిది సొట్టపడిన గిన్నె. ప్రతి డబ్బా మీదా తెచ్చినవాళ్లు తమ పేరు రాసి పెట్టిన చీటీ. వచ్చిన వరుసలో శెట్టి చీటీ మూలన నీలి పెన్సిలుతో అంకె వేసేవాడు. చీటీ బట్టీలో కాలిపోతుంది కాబట్టి, డబ్బా లోపలికి పోయే ముందు చీటీ తీసి అదే వరుసలో బల్ల మీద పిండి ముద్దతో అంటించాలి. కాలి బయటికొచ్చాక ఏ డబ్బా చీటీ ఆ డబ్బాకు చేరాలి. ఆ పని ఎప్పుడూ మా ఆయనదే.

ఆ సంవత్సరం డబ్బాలు పదేసి చొప్పున వరుసల్లో లోపల పెట్టి, చీటీలు అంటించి, ఆయన జ్వరంతో పిండి బస్తాల పక్కన పడిపోయాడు. ఒళ్లు కాలిపోతోంది. లేపడానికి నాకు మనసు రాలేదు. పొడుగు కట్టె పారతో డబ్బాలు నేనే తీశాను. చదువు రాకపోతేనేం, వరుసగా పెడితే చాలు కదా అనుకున్నాను. మొదటి డబ్బాకు మొదటి చీటీ, రెండోదానికి రెండోది. నలభై చీటీలూ అయిపోయాయి. ఒక డబ్బా మిగిలింది.

"చీటీ ఒకటి మంటలో పడిందనుకున్న్యా," అని చెప్పాను వాళ్లందరికీ. "ఏది పోయిందో చదవను చేతకాదు. భయమేసి ఆ డబ్బాను కట్టెల ఎనక పెట్టినా. సాయంత్రానికి అందరూ తీసుకపోయినారు. రైల్వే డ్రైవరు దాసన్న రమ్ము పోసి కలుపుకున్న కేకు పాస్టరింటికి పోయింది. మా ఆయన లేచినాక చెప్పినా, ఒక చీటీ పోయిందని. నువ్వు ఎవరితోనూ అనద్దు, నేను చెప్తాలే అన్నాడు. తానే చీటీలు తప్పు చదివినానని మీతో చెప్పినాడు. ముప్పై ఏండ్లు నేను నోరు మూసుకున్న్యా. భూపేష్, రమ్ము కేకు సుబ్బయ్య కాదు నాయనా. రమ్ము కేకు సిద్దమ్మ."

భూపేష్ తల దించుకున్నాడు. నెహెమ్యా మెట్లు దిగి బయట కొళాయి దగ్గరికి వెళ్లాడు. నీళ్ల చప్పుడు వినబడింది.

"మిగిలింది ఒకే డబ్బానా?" అన్నాడు శెట్టి.

"ఒకటే."

"మొదటి ఇరవై ఇండ్లోళ్లు ఎవరన్నా కొట్లాడను వచ్చినారా?"

నేను ఆలోచించాను. మొదటి రెండు వరుసలవాళ్లు ఎవరూ రాలేదు. వచ్చినవాళ్లంతా ఆ తర్వాతివాళ్లే. ముప్పై ఏళ్లలో ఆ సంగతి నాకు తట్టలేదు.

"ఏ చీటీ పోలేదు సిద్దమ్మా," అన్నాడు శెట్టి. "నలభై ఇండ్లు, నలభై చీటీలు. డబ్బానే ఒకటి ఎక్కువ. మూడో వరుసలో మొదటిది. అది నీ మొగుడు పెట్టినాడు. ఆడినుంచి ఒక్కొక్కటి పక్కకు జరిగిపోయినాయి. ఎంత చదువుకున్నోడు తీసినా అంతే అవుతుండె."

"ఆయన ఎందుకు పెడతాడు?"

"పొద్దున నన్ను అడిగి ఎండుద్రాక్ష, జీడిపప్పు తీసుకున్న్యాడు. ఎవరికప్పా అంటే నవ్వినాడు. మా ఇంట్లో ఒకామె ఏటా నలభై ఇండ్ల కేకులు కాల్చను కట్టెలేసి, ఒక్క ముక్క నోట పెట్టుకోదు శెట్టీ, ఈసారి ఆమెకొకటి, అన్నాడు. ఆయనకు చీటీ రాయను వస్తే కదా పెట్టేది."

"రాయను రాకపోవడమేంది శెట్టన్నా. రోజూ పేపరు చదువుతుండె."

శెట్టి బోసినోటితో నవ్వాడు. "చదువా? బొమ్మలు నిలువుగా ఉండాయా లేదా చూసుకుని పట్టుకుంటుండె. వార్తలన్నీ టీ అంగట్లో విన్నవి. డబ్బాలకు చీటీలు ఎట్ల పెడుతుండె అనుకున్న్యావు? సొట్టలు చూసి. ఎవరి డబ్బాకు యాడ సొట్ట ఉండాదో ఆయనకు తెలుసు. తప్పు చదివినానని నా ముందర చెప్తాంటే, చదువు రానోడు తప్పెట్ల చదివినావప్పా అన్న్యా. అప్పుడు చెప్పినాడు, చీటీ లేని డబ్బా నేనే పెట్టినా, తప్పు నాదే, మా ఆమెకు చెప్పొద్దు, తన కోసం పెట్టిందని తెలిస్తే ఏడుస్తుంది అని."

అమూల్య నాకు స్టూలు జరిపింది. కూర్చున్నాను.

శెట్టి గొంతు తగ్గించాడు. "నిజం తెలిసి కూడా ఆయనను పంపేసినా. పాస్టరుగారి దగ్గరికి పోయి జరిగింది చెప్పి ఉంటే అయిపోతుండె. పండగ పూట గొడవ బిన్నా అణగాల అనుకున్న్యా. ఒక మనిషిని చూపిస్తే అణుగుతుంది కదా. నీ తప్పు కాదు, ఆయన తప్పు కాదు. ఉండేదంతా నాదే."

మేమిద్దరం ఒకే ఇంట్లో ఇరవై ఒక్క ఏళ్లు, ఎవరికి వారు తప్పు తమదే అనుకుని, ఒకరిని ఒకరు కాపాడుకుంటూ బతికాం. చదువురాని పెళ్లాన్ని చేసుకున్నాడే అని నేను సిగ్గుపడేదాన్ని. ఆయన పేపరు వెనక ముఖం దాచుకుని అదే సిగ్గు పడ్డాడు. కోపం రావాల్సిన చోట నాకు రాలేదు. ఒక ముక్క కేకు నాకు పెట్టాలని ఒక మనిషి అనుకున్నాడు. అది చాలు నాకు, ఇంకో ముప్పై ఏళ్లకు.

గుమ్మంలో నీడ పడింది. నెహెమ్యా. ముఖం తడిగా ఉంది. ఎంతసేపటి నుంచి వింటున్నాడో.

"పెద్దమ్మా," అన్నాడు. "మా నాయన పోయేముందు ఏడు నెలలు మంచం మీద ఉండె. ఒక పొద్దు నన్ను దగ్గరికి పిలిచి, చెవిలో చెప్పినాడు. ఆ కేకు శానా బాగుండె రా నెహెమ్యా, అని. అన్నేండ్లు ఎవరికీ చెప్పకుండా మోసినాడు ఆ మాట."

మొదట నవ్వింది పద్మప్రియ. తర్వాత అందరూ.

"ఇంకోటి," అన్నాడు నెహెమ్యా. "మా అమ్మ కేకు గోడకు కొడితే గోడ పగులుతుండె. అది ఎవరింటికి పోయిందో కనుక్కోండి. వాళ్ల కాళ్లు పట్టుకోవాల్సింది నేను."

వచ్చి నా పక్కన నేల మీద కూర్చున్నాడు. ఏమీ అడగకుండా నా బూటు దారం ఊడిపోయి ఉంటే కట్టాడు.

"ఇప్పుడు కొయ్యొచ్చునా అవ్వా?" అన్నాడు భూపేష్, నేలచూపులు చూస్తూనే. "మొదటి ముక్క నీకే. సుబ్బయ్య తాత పేరు మీద."

తిన్నాను. ఎండుద్రాక్ష మెత్తగా ఉంది. కొంచెం మాడిన చక్కెర చేదు, దాని వెనక యాలకులు. బట్టీ సెగకు పదకొండేళ్లు ముఖం మాడ్చుకున్నాను గానీ ఆ బట్టీలో కాలిన కేకు రుచి ఎలా ఉంటుందో నాకు ఆ రోజే తెలిసింది. పదిమంది నా నోటి వైపే చూస్తున్నారు. నేను మింగేదాకా ఒక్కరూ తమ ముక్క ముట్టుకోలేదు. ప్రతి ఆదివారం నాకోసం ఆగిన ఈ మనుషులకు నేను ఏమిచ్చి రుణం తీర్చుకోను?

"అయితే నా కేకు ఎవరు తిన్నారు శెట్టన్నా?" అని అడిగాను. నవ్వుతూనే అడిగాను.

శెట్టి కోడలికి ఏదో చెప్పాడు. ఆమె దేవుడి పటం వెనక చెయ్యి పెట్టి ఒక మడత కాగితం తెచ్చింది.

"ఇరవై ఒకటో చీటీ. డబ్బా ఇచ్చినాక చీటీలు నా కాడే ఉంటుండె. సుబ్బయ్య ఊరిడిచి పోయినాక ఎతికి తీసి పెట్టుకున్న్యా. మనిషిని కనుక్కుని పోయేసరికి ఆమెకు బదిలీ అయ్యింది. ఊరు కనుక్కుని ఉత్తరం రాసినా. నువ్వు తిన్నది ఫలానా సిద్దమ్మకు దాని మొగుడు చేసిన కేకమ్మా, వాళ్లు కూడా ఆ ఊరికే వచ్చినారు, కలిస్తే చెప్పు, అని. జవాబు రాలేదు."

పద్మప్రియ చదవబోతే నేను చెయ్యి చాపాను. ముప్పై ఏళ్ల కిందట చదవలేకపోయిన చీటీ. ఈసారి నేనే చదవాలి.

కాగితం పసుపుపచ్చగా మారింది. మూలన నీలి పెన్సిలు అంకె. కింద సిరా. మొదటి అక్షరం 'క్రి'. చదవకముందే నాకు తెలిసింది. ఆ రావత్తు కిందికి దిగి చివర తోక పైకి తిప్పుకునే తీరు ఇంకెవరికీ లేదు. ఆ తోక రాకపోతే ఆరు నెలలు రోజూ నా చెయ్యి పట్టుకుని దిద్దించింది ఆ మనిషి.

క్రిస్టినా, నర్సుల క్వార్టర్సు.

"ఎవరు పెద్దమ్మా?" అన్నాడు నెహెమ్యా.

"నాకు చదువు చెప్పినామె."

అమూల్య ఫోను నా చేతిలో పెట్టింది. మేడం నంబరు నాకు నోటికి వచ్చు. నాలుగుసార్లు మోగాక ఎత్తింది.

"మేడం, నేను సిద్దమ్మను. కర్నూలులో ధనుంజయ శెట్టి బేకరీ కాడ ఉండా. ఇరవై ఒకటో చీటీ నా చేతిలో ఉండాది."

అవతల కుర్చీ జరిపిన చప్పుడు వినబడింది.

"సిద్దమ్మా," అంది మేడం. "నీకిచ్చిన పలక ఉండాదా ఇంకా?"

"నా పెట్టెలోనే ఉండాది మేడం."

"దాని మూల చెక్క ఎట్ల కాలిందో నన్నెప్పుడన్నా అడిగినావా నువ్వు? నీకంటే ముందు దాని మీద దిద్దినాయన రోజూ ఈడ కడపలో బట్టీ కాడినుంచి నేరుగా మా ఇంటికి వస్తాండె."

సిద్దమ్మ,
అరవై మూడేళ్లు,
బుధవారపేట, కర్నూలు.